రాత్రిపూట కడుపులో గ్యాస్: ఉపశమనం ఎలా? ఎప్పుడు ఆస్పత్రికి వెళ్లాలి?

భోజనం చేసి పడుకున్న గంటకే పొట్ట ఉబ్బడం, త్రేన్పు రాకపోవడం, కింది నుంచి వాయువు పోక నిద్ర చెడటం చాలామందికి తెలిసిన బాధే. మామూలుగా దీనివల్ల ప్రాణభయం ఉండదు. అయితే ఛాతీలో వచ్చే ప్రతి నొప్పినీ ‘గ్యాస్’ అనుకుని తెల్లారేదాకా ఆగడం ప్రమాదకరం. అందుకే ఉపశమన మార్గాలతో పాటు, ఏది గ్యాస్ కాదో కూడా తెలిసి ఉండాలి.

గ్యాస్ ఎలా పుడుతుంది?

గ్యాస్ రెండు దారుల్లో చేరుతుంది. గబగబా తినడం, సోడాలు, పొగతాగడం, చూయింగ్ గమ్ వల్ల గాలి మింగుతాం. ఇక చిన్నపేగులో అరగకుండా మిగిలిన పిండిపదార్థాలను పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెడుతుంది. మినుములు, శనగలు, రాజ్మాలో ఉండే రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను అరిగించే ఎంజైమ్ మన పేగుల్లో లేదు. అవే గ్యాస్‌గా మారతాయి. రోజుకు 10 నుంచి 20 సార్లు వాయువు పోవడం సహజమే.

రాత్రే ఎందుకు ఎక్కువ?

నిటారుగా ఉన్నప్పటికన్నా వెల్లకిలా పడుకున్నప్పుడు వాయువు నెమ్మదిగా కదులుతుంది. నిద్రలో పెద్దపేగు కదలికలు కూడా తగ్గుతాయి. ఆలస్యంగా, కడుపు నిండా తిని వెంటనే పడుకుంటే ఇవన్నీ కలుస్తాయి.

రాయ్‌పూర్ వంటల్లో ఏది చూసుకోవాలి?

‘ధాన్ కా కటోరా’గా పేరున్న ఛత్తీస్‌గఢ్‌లో ప్రధాన ఆహారం అన్నం. వేడి అన్నంతో గ్యాస్ తక్కువే. ఇబ్బంది ఎక్కువగా దానితో తినేవాటితో వస్తుంది. మినపపిండి ఉండలను మజ్జిగ పులుసులో ఉడికించే డుబ్కీ కఢీ, మినప బరా, శనగల కూరలు ఇక్కడ మామూలు. రాయ్‌పూర్‌లోని తెలుగు ఇళ్లలో వీటికి మన గారెలు, పప్పు తోడవుతాయి. బాధ తరచుగా వచ్చేవారు వీటిని మధ్యాహ్నానికి మార్చుకోవడం మంచిది. శనగలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మెత్తగా ఉడికిస్తే గ్యాస్ కొంత తగ్గుతుంది.

మన చద్దన్నం లాంటి ‘బోరే బాసి’ని 2022 మే 1న కార్మిక దినోత్సవం సందర్భంగా తినాలని నాటి రాష్ట్ర ప్రభుత్వం పిలుపునిచ్చింది. అన్నం చల్లారితే అందులోని పిండిపదార్థంలో కొంత భాగం చిన్నపేగులో అరగని రూపానికి మారుతుంది. అలవాటు లేనివారు దీన్ని పగటిపూట, కొద్దిగా మొదలుపెట్టాలి. పడుకునే ముందు పాలు తాగితే ఉబ్బరం వస్తోందంటే లాక్టోజ్ సరిపడటం లేదేమో చూడాలి. రెండు వారాలు మానేసి చూస్తే తేడా తెలుస్తుంది.

అప్పటికప్పుడు ఏం చేయాలి?

• లేచి 10–15 నిమిషాలు నెమ్మదిగా నడవాలి.
• వెల్లకిలా కాకుండా ఎడమవైపు తిరిగి, మోకాళ్లు కొద్దిగా ముడిచి పడుకోవాలి. తిన్న వెంటనే కాకపోతే పవనముక్తాసనం వేయవచ్చు. గర్భిణులు, హెర్నియా ఉన్నవారు, ఇటీవల ఆపరేషన్ అయినవారు వేయకూడదు.
• పొట్టపై గోరువెచ్చని కాపడం పెట్టాలి. కుడివైపు కింద మొదలుపెట్టి పైకి, అడ్డంగా, ఎడమవైపు కిందికి మెల్లగా రుద్దాలి.
• వాము లేదా జీలకర్ర మరిగించిన నీళ్లు గోరువెచ్చగా తాగవచ్చు. వీటికి గట్టి పరిశోధన ఆధారాలు తక్కువే అయినా, మితంగా తీసుకుంటే చాలామందికి ఇబ్బంది ఉండదు.
• కూల్‌డ్రింక్, సోడా వద్దు. అవి పొట్టలో మరింత గ్యాస్ చేరుస్తాయి. నీటిలో పొంగే పొడుల్లో సోడియం ఎక్కువ కాబట్టి బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్నవారు వాడకూడదు.

‘గ్యాస్ మాత్ర’ గురించి

మందుల షాపులో ‘గ్యాస్ మాత్ర’ అని ఇచ్చే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ నిజానికి కడుపులో ఆమ్లాన్ని తగ్గించేవి. ఛాతీ మంటకు పనికొస్తాయి, పేగుల్లోని వాయువుకు కాదు. వాటిని సాధారణంగా భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. అర్ధరాత్రి వేసుకుంటే వెంటనే ఫలితం ఉండదు. బుడగలను విడగొట్టేది సిమెథికోన్. అది కొందరికే ఉపశమనమిస్తుంది.

ఇది గ్యాస్ కాకపోవచ్చు

ఛాతీ మధ్యలో బరువు, బిగుతు, చేతికి, దవడకు, వీపుకు పాకే నొప్పి, చెమట, ఆయాసం ఉంటే గుండెపోటుగానే భావించాలి. షుగర్ ఉన్నవారిలో, మహిళల్లో, వృద్ధుల్లో నొప్పి లేకుండా వికారం, పై పొట్టలో అసౌకర్యం మాత్రమే కనిపించవచ్చు. త్రేన్పు వచ్చాక కాస్త తగ్గిందని ఊరుకోకూడదు. వాము నీళ్లతో సమయం పోగొట్టకుండా 108కి ఫోన్ చేయాలి. రాయ్‌పూర్‌లో టాటీబంద్‌లోని ఎయిమ్స్, అంబేడ్కర్ ఆస్పత్రి వంటి పెద్ద ఆస్పత్రులకు వెళ్లవచ్చు. ఈసీజీకి కొద్ది నిమిషాలే పడుతుంది. మొదటిది మామూలుగా ఉన్నా, అవసరమైతే వైద్యులు మళ్లీ తీస్తారు, రక్తపరీక్షలు చేస్తారు.

పొట్ట రాయిలా గట్టిపడటం, మలం, వాయువు రెండూ ఆగిపోయి వాంతులవడం, కుడివైపు కింద నొప్పి పెరగడం, నల్లటి మలం కూడా అత్యవసర లక్షణాలే. బరువు తగ్గుతున్నా, ఉబ్బరం రెండు మూడు వారాలకు మించి సాగినా వైద్యుడిని కలవాలి.