బంబుఖానా జ్ఞాపకములు: బొంబాయి అగ్నిమాపక భటుల చరిత్ర

మంటల నార్పు బండిని మరాఠీలో ‘బంబు’ అందురు. అది నిలుచు స్థలము ‘బంబుఖానా’. కామాటిపురము మొదలుకొని దాదరు, నాయిగాం, వర్లీ వరకు గల చాళ్లలో పెరిగిన తెలుగువారి నోటను ఈ మాటలు నలిగినవే. బొంబాయి, అనగా నేటి ముంబయి, అగ్నిమాపక దళమునకు ప్రధాన కేంద్రమైన బైకుల్లా బంబుఖానా కామాటిపురమునకు పొరుగుననే కలదు. కావున ఆ దళము కథ తెలుగు చాళ్ల కథకు పరాయిది కాదు. అయితే ఆ కథలో కొంత కాగితములపై నిలిచినది. కొంత పదవీ విరమణ చేసిన భటుల జ్ఞాపకమందు మాత్రమే ఉన్నది. ఈ రెండవ భాగము విలువ యెట్టిదో తెలిసికొనవలెనన్న దళము పుట్టుకను, చాళ్ల కట్టుబడిని మొదట చూడవలెను.

1803వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన బొంబాయి కోటలో గొప్ప అగ్నిప్రమాదము జరిగెను. ఇండ్లును, అంగళ్లును పెక్కు భస్మమయ్యెను. అటుపిమ్మట కోటగోడల వెలుపలి పేటలు దట్టముగా పెరిగెను. మంటల నార్పు భారము పోలీసులపై బడెను. దొంగలను పట్టువారే మంటలను పట్టవలసివచ్చుటచే రెండవ పని ఎప్పుడును రెండవదిగానే ఉండెను. పూర్తికాలము పనిచేయు దళము 1887 ఏప్రిల్ 1న ఏర్పడెను. 1888 నాటి మునిసిపల్ శాసనము ఈ విధిని నగర కార్పొరేషనుకు అప్పగించెను. 1890లో లండను దళమునుండి వచ్చిన నికల్స్ అను అధికారి దీనికి నాయకుడయ్యెను.

ఈ దళము ఎట్టి ఇండ్లను కాపాడవలసి ఉండెనో గమనింపదగును. 18వ శతాబ్దము చివరనుండి నైజాము రాజ్యములోని తెలుగు శ్రామికులు బొంబాయికి వచ్చి రోడ్లు వేసిరి, కట్టడములు కట్టిరి. వారిని కామాటులనిరి; వారి పేరనే కామాటిపురము వెలసినది. తరువాత కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు నూలు మిల్లులలో పనికై వచ్చి మిల్లులకు దగ్గరగా కాపురములుండిరి. పాత చాళ్లలో దూలములు, స్తంభములు, మెట్లు అన్నియు కొయ్యవే. పొడవైన వసారా, దాని వెంట వరుస గదులు, గదికొక కుటుంబము. నిద్రించుటయు, వంట వండుటయు అందులోనే. క్రింది గదిలో నిప్పంటుకొన్నచో మెట్ల మార్గమే పొగగొట్టమై మంటను పైకి లాగును. మనుష్యులు దిగవలసిన దారియు అదియే. 1920 తరువాత వర్లీ, నాయిగాం మొదలగు చోట్ల ప్రభుత్వము కట్టించిన కాంక్రీటు చాళ్లకు ఈ భయము కొంత తక్కువ. కొయ్య చాళ్లకు మాత్రము అది ఎన్నడును తీరలేదు.

మొదట గుఱ్ఱములు లాగిన బండ్లుండెను. 1907లో మోటారు బంబు వచ్చెను. అటుపై పొడవైన నిచ్చెన బండ్లు, శక్తిమంతములైన పంపులు వచ్చినవి. అయినను ఏ యంత్రమును ఒక్కని చేతిలో నడువదు. ఒకడు బండి తోలును. ఒకడు పంపు వద్ద నిలుచును. ఇద్దరు గొట్టమును లాగుదురు. ముందువాడు దాని మూతిని పట్టి పొగలోనికి పోవును. నీటి వత్తిడి హెచ్చినచో మూతి పట్టినవాడు క్రిందబడును. తగ్గినచో మంట వాని మీదికి వచ్చును. అతని ప్రాణము కంటికి కనబడని వెనుకవాని చేతిలో నున్నది. భటుల కుటుంబములు బంబుఖానా ఆవరణలోని ఇండ్లయందే ఉండుటచే పనిలోని ఈ నమ్మకము ఇంటిలోనికిని వ్యాపించెను. గంట మ్రోగినప్పుడు భర్త పరుగెత్తుటను భార్యయు, తండ్రి పరుగెత్తుటను పిల్లలును చూచెడివారు.

ఇక జ్ఞాపకము మాట. బంబు ఏ గల్లీలో తిరుగును, దేనిలో ఇరుక్కొనును, నీటి కొళాయి ఏ మూలనున్నది, ఏ చాళు మెట్లు ఎటువైపున్నవి అనునది భటుని తలలో ఉండవలెను. పటము విప్పి చూచుటకు వ్యవధి యుండదు. కావున వృద్ధ భటుని జ్ఞాపకము కాలక్షేపపు కబురు కాదు. ఒకనాడు అది వాని పనిముట్టు.

ఈ దళము చరిత్రలో మిక్కిలి దుఃఖకరమైన దినము 1944 ఏప్రిల్ 14. ఫోర్ట్ స్టికీన్ అను ఓడ సుమారు 1,400 టన్నుల ప్రేలుడు పదార్థములతోను, ప్రత్తి బేళ్లతోను, బంగారు కడ్డీలతోను విక్టోరియా డాక్‌లో నిలిచియుండెను. మధ్యాహ్నము దానినుండి పొగ వచ్చెను. ఓడను అక్కడనే ముంచవలెనా, సముద్రములోనికి లాగుకొనిపోవలెనా యని అధికారులు తేల్చుకొనలేకపోయిరి. భటులు మాత్రము నీరు కొట్టుచునే యుండిరి. నిప్పు ఏ మూలనున్నదో పొగలో కానరాలేదు. సాయంకాలము 4 గంటలు దాటిన కొలది నిమిషములకు మొదటి ప్రేలుడును, అరగంటలోపున అంతకు మించిన రెండవ ప్రేలుడును సంభవించెను. మండుచున్న ప్రత్తి బేళ్లు ఎగిరి చుట్టుప్రక్కల గోదాములపై, ఇండ్లపై బడెను. మృతులు ఎనిమిది వందలకు తక్కువ కాదు. వారిలో అగ్నిమాపక దళమువారు 66 మంది.

అది యుద్ధకాలమగుటచే వార్తలపై నిర్బంధముండెను. జపానువారి చేతిలోనున్న సైగాన్ రేడియో మరునాడే ప్రకటించిన సంగతిని బొంబాయి పత్రికలు కొన్ని వారములు ప్రకటింపలేకపోయినవి. ఓడ ప్రక్కన నిలిచి గొట్టములు పట్టినవారు మరణించిరి. వారు చూచినదానిని చెప్పగలవారు వారే. విచారణ సంఘము ఓడలో సరకును ఎట్లు పేర్చిరో, ఎవరు ఏ ఉత్తరువు ఇచ్చిరో వ్రాసెను. కాని కాళ్ల క్రింది ఇనుము కాలుచుండగా ఆ భటుడు ప్రక్కవానితో ఏమనెనో ఏ పుటయందును లేదు. ఏప్రిల్ 14ను దేశమంతటను అగ్నిమాపక దినముగా పాటించుట వారి స్మరణార్థమే. బైకుల్లాలో వారి స్మారకము నిలిచియున్నది.

ఇది ముగిసిన కథ కాదు. 2015 మే 9న కాల్బాదేవిలో గోకుల్ నివాస్ అను పాత కట్టడము కాలుచుండగా కూలెను. ఇద్దరు అధికారులు అచ్చటనే మరణించిరి. దళాధిపతి సునీల్ నెస్రీకర్‌తో కూడ మఱి యిద్దరు కాలిన గాయములతో ఆసుపత్రిలో అసువులు బాసిరి. దళాధిపతియే మంట దగ్గర నిలుచుట ఈ వృత్తి ధర్మము. కాలిన కొయ్య స్తంభము ఎంతసేపు బరువు మోయునో ముందుగా చెప్పలేకపోవుట దీని అపాయము.

నేడు మిల్లులు మూతపడినవి. పాత చాళ్లు ఒక్కొక్కటిగా పడి, వాటి చోట ఎత్తైన మేడలు లేచుచున్నవి. చాళు కూలినప్పుడు దాని మెట్లు ఎటువైపుండెనో ఎఱిగిన జ్ఞాపకమునకు ఆనవాలు పోవును. ఆ చాళ్లలో నివసించిన తెలుగు వృద్ధులును, వాటిలోనికి గొట్టములతో పరుగెత్తిన భటులును ఒకే రాత్రిని రెండు వైపులనుండి చూచినవారు. ఒకరు లోపలినుండి పిలిచిరి, మరొకరు వెలుపలినుండి వచ్చిరి. ఆ ఇరువురి మాటలను ప్రక్కప్రక్కన వ్రాసి ఉంచుట తెలుగు సంఘములకు సాధ్యమైన పని. దానికి ధనము అంతగా అక్కరలేదు; వృద్ధుని ఇంటికిపోయి కూర్చుండి వినగల ఓపిక చాలును. 1944లో ఓడ ప్రక్కన నిలిచినవారిని అడుగుటకు లోకమునకు అవకాశము చిక్కలేదు. తిరిగివచ్చినవారిని అడుగుటకు ఇంకను కొంత కాలమున్నది.