సెల్‌ఫోన్ బ్యాటరీ లోపం: కనిపెట్టే పద్ధతుల చరిత్ర

పాతబడిన ఫోను సగం చార్జింగ్ చూపిస్తూనే ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు లోపం బ్యాటరీదా, చార్జరుదా, లోపలి సర్క్యూట్‌దా అని తేల్చే పద్ధతి గత నలభై ఏళ్లలో పలుమార్లు మారింది. బ్యాటరీలోని రసాయనాలు మారడం ఇందుకు ఒక కారణమైతే, బ్యాటరీ వాడుకదారు చేతికి అందకుండా పోవడం అంతకన్నా బలమైన కారణం.

1983లో అమెరికా ప్రభుత్వ అనుమతి పొంది మరుసటి ఏడాది అమ్మకానికి వచ్చిన మోటరోలా డైనాటాక్ 8000ఎక్స్, పది గంటలు చార్జ్ చేస్తే అరగంట మాట్లాడుకోనిచ్చేది. అందులో ఉన్నది స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ 1899లో రూపొందించిన నికెల్-కాడ్మియం రకం బ్యాటరీ. ఈ రకాన్ని పూర్తిగా ఖర్చు కాకముందే పదేపదే ఒకే స్థాయి నుంచి చార్జ్ చేస్తే, ఆ స్థాయికి రాగానే వోల్టేజి పడిపోయే లక్షణం కనిపిస్తుంది; దీనినే ‘మెమరీ ఎఫెక్ట్’ అంటారు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ పూర్తిగా నింపడమే దీనికి విరుగుడు కనుక ఆ కాలంలో అలా చేయమన్న సలహా సరైనదే.

1980లో జాన్ గుడెనఫ్ బృందం కనుగొన్న లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ ఆధారంగా 1985లో అకిరా యోషినో రూపొందించిన లిథియం-అయాన్ బ్యాటరీ నమూనా, 1991లో సోనీ సంస్థ ద్వారా మార్కెట్‌లోకి వచ్చిన తరువాత ఆ సలహాకు కాలం చెల్లింది. లిథియం-అయాన్ బ్యాటరీని అదేపనిగా అడుగంటా ఖాళీ చేయడం వల్ల మేలు లేకపోగా దాని ఆయువు తరుగుతుంది. అయినా కొత్త ఫోను కొన్నవారికి మొదటిసారి ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టమని చెప్పే అలవాటు ఆ తరువాత కూడా చాలాకాలం దుకాణాల్లో నిలిచింది. రసాయనం మారినంత వేగంగా దాని గురించిన అవగాహన మారలేదు.

లిథియం-అయాన్ బ్యాటరీ ముసలితనం వేరు తరహాది. తొలి చార్జింగుల్లోనే గ్రాఫైట్ ధ్రువం మీద ఒక సన్నని పొర ఏర్పడుతుంది. అది ధ్రువాన్ని కాపాడుతూనే, ఏళ్లు గడిచేకొద్దీ మందమై, పనికి రావలసిన లిథియాన్ని కొంత తనలో బంధించివేస్తుంది. దీని వల్ల బ్యాటరీ నిల్వశక్తి తగ్గడమే కాక అంతర్గత నిరోధం, అంటే కరెంటు బయటికి రావడానికి లోపల ఎదురయ్యే అడ్డంకి, పెరుగుతుంది. కెమెరా తెరిచినప్పుడో ఆట ఆడుతున్నప్పుడో ఫోను ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే వోల్టేజి క్షణంలో పడిపోయి, చార్జింగ్ మిగిలి ఉండగానే ఫోను ఆగిపోవడానికి కారణం సాధారణంగా ఇదే. వేడి ఈ అరుగుదలను మరింత తొందరపెడుతుంది. లోపలి ద్రావణం విడిపోయి వాయువులు పుట్టినప్పుడు బ్యాటరీ ఉబ్బుతుంది; ఆ దశలో దాన్ని మార్చడం తప్ప మరమ్మతు లేదు, గుచ్చడం, వంచడం ప్రమాదకరం.

ఈ లోపాలన్నిటినీ మామూలు మనిషి తన చేత్తో తేల్చుకోగలిగిన కాలం 2003లో వచ్చిన నోకియా 1100 కాలం. అందులోని బీఎల్-5సీ బ్యాటరీ ఆ కంపెనీ ఫోన్లు ఎన్నింటిలోనో పట్టేది కాబట్టి, ఫోను మొండికేస్తే వెనక డొప్ప గోటితో ఊడదీసి, పక్కవారి బ్యాటరీ వేసి చూస్తే చాలు, లోపం ఎక్కడుందో నిమిషంలో తెలిసేది. బ్యాటరీని నున్నటి బల్ల మీద పెట్టి వేలితో తిప్పేవారు. ఉబ్బనిది బల్లకు అంటుకుని ఆగేది, నడుము ఉబ్బినది గిర్రున తిరిగేది. బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్దడం, బ్యాటరీని విడిగా తీసి క్లిప్పు చార్జరులో బిగించి చూడడం కూడా ఈ పరీక్షల్లో భాగమే. ఏ పాఠ్యపుస్తకమూ నేర్పని ఈ విద్య నిజమైన సాంకేతిక విద్యే. ఒక్కొక్క భాగాన్ని మార్చి చూస్తూ లోపాన్ని వేరుచేయడం ఇంజనీర్లు పాటించే పద్ధతి కూడా.

2007 ఆగస్టు 14న నోకియా చేసిన ప్రకటన ఆ విద్యకు ఉన్న పరిమితిని చూపింది. జపాన్‌లోని మత్సుషిత సంస్థ తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీలు చార్జింగ్ సమయంలో వేడెక్కవచ్చని తేలడంతో, బ్యాటరీ వెనక ముద్రించిన గుర్తింపు సంఖ్యను సరిచూసుకొమ్మని కంపెనీ కోరింది. భారతదేశంలో సర్వీసు కేంద్రాల ముందు జనం బారులు తీరారు. పైకి ఒకేలా కనిపించే రెండు బ్యాటరీల్లో ఏది లోపభూయిష్టమో కన్నూ చేయీ చెప్పలేవనీ, తయారీదారు ఇచ్చే సమాచారమే చెప్పగలదనీ వాడుకదారుకు అప్పుడు తెలిసివచ్చింది.

అదే ఏడాది విడుదలైన ఐఫోనులో బ్యాటరీని వాడుకదారు తీయడానికి వీలు లేదు. 2015 నాటి శాంసంగ్ గెలాక్సీ ఎస్6 కూడా ఆ దారినే నడిచింది. పలుచదనం, తరువాత నీరు చొరబడని కట్టుదిట్టం ఇందుకు చెప్పిన కారణాలు. వాటిలో నిజం ఉన్నా, పక్కవారి బ్యాటరీ వేసి చూసే పరీక్ష మాత్రం దీనితో ముగిసింది. ఆ పని హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ వంటి చోట్ల మరమ్మతుదారుల బల్లల మీదికి చేరింది. వెనక అద్దాన్ని వేడిచేసి జిగురు వదిలించి, బ్యాటరీ స్థానంలో డీసీ పవర్ సప్లై తీగలు తగిలించి, పవర్ మీట నొక్కకముందే దాని మీద కరెంటు చూపే ముల్లు కదిలిందా అని చూడడం ఈ వృత్తిలో తొలి పరీక్ష. కదిలితే బోర్డులో షార్టు ఉన్నట్టు లెక్క. కదలకుండా ఉండి, మీట నొక్కాక ఫోను సవ్యంగా లేస్తే అనుమానం బ్యాటరీ మీదికి మళ్లుతుంది.

2017 జనవరిలో ఆపిల్ తన ఐఫోన్లకు విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 10.2.1, అరిగిన బ్యాటరీలున్న ఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా ప్రాసెసరు వేగాన్ని తగ్గించింది. సాంకేతికంగా అది సమంజసమైన ఉపాయమే. అయితే మందగించిన ఫోనుకు మూలం బ్యాటరీ అని యజమానికి స్పష్టంగా చెప్పకపోవడంతో, కొత్త బ్యాటరీతో సరిపోయే చోట చాలామంది కొత్త ఫోను కొనవలసి వస్తుందని భావించారు. ఈ చరిత్రలో అన్నిటికన్నా బరువైన తప్పు అదే. ఆ డిసెంబరులో ఫోన్ల వేగం పరీక్షల అంకెలు బయటపడ్డాక కంపెనీ క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించి, 2018 మార్చిలో బ్యాటరీ ఆరోగ్యాన్ని శాతంలో చూపే పేజీని చేర్చింది. 2020లో ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ ఇదే విషయమై 2.5 కోట్ల యూరోల జరిమానా విధించింది.

ఆరోగ్య శాతమంటే, కొత్తగా ఉన్నప్పటి నిల్వశక్తిలో ఇప్పుడు మిగిలినది ఎంతో చెప్పే అంచనా. ఫోనులోని చిప్పు లోపలికీ బయటికీ పోయే కరెంటును లెక్కగట్టి దీన్ని తేలుస్తుంది. 80 శాతం కన్నా తగ్గితే మార్చుకోవాలన్నది పరిశ్రమలో స్థిరపడిన ఒరవడి. ఈ లెక్క ఇప్పుడు చట్టంలోకీ ఎక్కింది. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో కొత్తగా అమ్మే ఫోన్ల బ్యాటరీలు 800 సార్లు పూర్తిగా చార్జ్ అయ్యాక కూడా 80 శాతం శక్తిని నిలుపుకోవాలి. అంతేకాక, బ్యాటరీ తయారైన తేదీ, ఎన్నిసార్లు చార్జ్ అయిందన్న లెక్క, మిగిలిన ఆరోగ్యం వాడుకదారుకు ఫోనులోనే కనిపించేలా ఉంచడం తయారీదారుల విధి.