చెంజికోటను పాడినవారు

తెలుగు పల్లెలలో రచ్చబండ దగ్గర రాత్రి తెల్లవార్లూ బుర్రకథలు చెప్పించుకొన్న కాలంలో దేశింగురాజు కథ వినని వారు అరుదు. బొబ్బిలి కథకూ, కాంభోజరాజు కథకూ సరిసమానంగా ఆ కథకు గిరాకీ ఉండేది. కథకుడు తంబురా మీటుతూ, చేతి అందెలు మోగిస్తూ, దేశింగు గుర్రమెక్కే ఘట్టానికి వచ్చేసరికి నిద్రకు తూగుతున్న పిల్లలుకూడా లేచి కూర్చొనేవారు. ఆ దేశింగు ఎవరు, ఏ దేశంవాడు, అతని కోట ఎక్కడిది అని అడిగినవారు మాత్రం తక్కువ. కథకు ఆ ప్రశ్నలతో పనిలేదు. సాహిత్యచరిత్రకు పని ఉన్నది.

ఆ కోట చెంజి. తమిళదేశంలో తిండివనం నుండి తిరువణ్ణామలైకి పోయే దారిలో, చదునైన పొలాల నడుమ హఠాత్తుగా మూడు రాతికొండలు లేస్తవి. పడమట రాజగిరి, ఉత్తరాన కృష్ణగిరి, ఆగ్నేయాన చంద్రగిరి. వీటిని కొండలనటంకంటే గుండ్ల గుట్టలనటం సబబు. ఏనుగులంత గుండ్లను ఎవరో కుప్పపోసి మరచిపోయినట్లుంటవి. ఈ మూడింటినీ కలుపుతూ మైళ్ళపొడవున ప్రాకారం సాగి త్రికోణంగా మూసుకొంటుంది. రాజగిరి ఎత్తు దాదాపు 800 అడుగులు. మెట్లెక్కి, ద్వారం తరువాత ద్వారం దాటి, ఇక శిఖరం చేరినట్లే అనుకొన్న చోట కొండ రెండుగా చీలి అగాధం ఎదురవుతుంది. దానిమీద ఒక చిన్న వంతెన. పూర్వం అది కొయ్యవంతెన. శత్రువు వచ్చినప్పుడు దానిని తొలగిస్తే పైనున్న పిడికెడుమంది కింది సైన్యాన్నంతా నిలపగలరు. కోటను చూచేవారు సాధారణంగా కింద కల్యాణమహలు చూచి, ఎండకు వెరచి అక్కడినుండే మరలిపోతారు. ఈ వంతెనదాకా ఎక్కనివారు చెంజిని చూడలేదనే చెప్పాలి.

కోటకు పునాది వేసినవారు గొల్లలని స్థానిక చరిత్ర చెప్తుంది. 12వ శతాబ్ది చివర ఆనందకోన్ అనే గొల్లదొర ఈ కొండమీద తొలి గోడ కట్టినాడట. 19వ శతాబ్ది ఆరంభంలో ఆంగ్లేయాధికారి మెక్లాయిడ్ కోసం నారాయణపిళ్ళ తమిళంలో కూర్చిన 'కర్ణాటక రాజుల సవిస్తర చరిత్ర' దీనికి ఆధారం. ఆరు శతాబ్దాల తరువాత వ్రాసిన మాట కనుక అక్షరాలా నమ్మనక్కరలేదు. అయినా పశువుల కాపరులు కట్టిన కోట అనే స్మృతి ఊరిలో ఇన్నాళ్ళు నిలవటం గమనింపదగినది. రాజవంశాలు తమ మూలాలను సూర్యచంద్రులలో వెదకుకొనే దేశంలో ఒక ఊరు తన కోటను గొల్లలకు అప్పగించి తృప్తిపడినది.

తరువాత వచ్చినవారు తెలుగువారు. 16వ శతాబ్దిలో విజయనగర ప్రభువుల ప్రతినిధులుగా తంజావూరు, మధుర, చెంజి అనే మూడు చోట్ల నాయకరాజులు స్థిరపడినారు. నేడు చూచేవారిని ఆకర్షించే కట్టడాలలో పెక్కు వీరివే. చతురస్రమైన ముంగిలి నడుమ అంతస్తులమీద అంతస్తులుగా లేచి, శిఖరంలా ముగిసే కల్యాణమహలు, కుండమట్టి గొట్టాలతో నీటిని దాని పై అంతస్తులకు ఎక్కించిన ఏర్పాటు, విశాలమైన ధాన్యపుకొట్లు, వేంకటరమణుని ఆలయం. కట్టడంలో చెంజి నాయకులు తక్కిన ఇద్దరికీ తీసిపోలేదు. కాని తెలుగు సాహిత్యచరిత్ర తెరిస్తే తంజావూరికి ఒక యుగమే ఉన్నది, మధురకు ఒక అధ్యాయమున్నది, చెంజికి పీట లేదు. సంస్కృతంలో మాత్రం సూరప్పనాయకుని ఆశ్రయంలో రత్నఖేట శ్రీనివాసదీక్షితుడు 'భావనాపురుషోత్తమ' నాటకం వ్రాసినాడు. రఘునాథనాయకునివంటి కవిరాజు, విజయరాఘవునివంటి యక్షగానకర్త చెంజి సింహాసనం మీద కూర్చోలేదు.

కవులు లేనిచోట రాజు ఎలా కనిపిస్తాడు? పొరుగువాని కావ్యంలో కనిపిస్తాడు. చెంజి కృష్ణప్పనాయకుడు సాహిత్యంలో మనకు దొరికేది తంజావూరి సంస్కృత కావ్యాలలో. రామభద్రాంబ 'రఘునాథాభ్యుదయం', యజ్ఞనారాయణదీక్షితుని 'సాహిత్యరత్నాకరం' రెండూ అతనిని బందీగా చూపిస్తవి. యువకుడైన రఘునాథుడు వేంకటపతిరాయలతో మాట్లాడి అతనిని విడిపిస్తాడు, అతడు కృతజ్ఞతతో కూతురినిస్తాడు. తరువాత 1616లో తోపూరు యుద్ధంలో అదే కృష్ణప్ప జగ్గరాయని పక్షాన చేరి రఘునాథునిచేత ఓడిపోతాడు. ఆ కవులు అబద్ధమాడినారని కాదు. కథానాయకుని వెలుగు పెరగటానికి ప్రక్కవాడు ఎంత మసకబారాలో అంత మసకబార్చినారు. చెంజిలో ఒక్క యజ్ఞనారాయణుడున్నా ఈ కథ మరొక వైపునుండి వినిపించేది.

ఇక మూడవ సాక్షి కవికాదు, ఈ దేశంవాడుకాదు. 16వ శతాబ్ది చివర చెంజికి వచ్చిన నికొలా పిమెంటా అనే జెసూట్ పాదిరి. పట్టుతివాచిమీద దిండ్లకానుకొని, రొమ్మునిండా ముత్యాలూ రత్నాలూ పొదిగిన హారం వేసుకొని, జుట్టు నడినెత్తిన ముడివేసిన కృష్ణప్పను అతడు కళ్ళార చూచి లేఖలో వ్రాసినాడు. చెంజి అంత పట్టణం పోర్చుగల్‌లో లిస్బన్ తప్ప మరొకటి లేదన్నాడు. అంతటితో ఆగివుంటే ఆ లేఖ ఒక వింత వర్ణనగా మిగిలేది. చిదంబరంలో జరిగినదికూడా అతడే వ్రాసినాడు. నటరాజాలయంలోని గోవిందరాజస్వామి సన్నిధిని కృష్ణప్ప ఉద్ధరింప బూనగా దీక్షితులు వలదన్నారు, రాజు వినలేదు, వారిలో కొందరు గోపురమెక్కి దూకి ప్రాణాలు విడిచినారు. దాదాపు ఇరవైమంది పోయినారనీ, రాజు కోపించి తక్కినవారిపై కాల్పులకు ఆజ్ఞాపించినాడనీ పిమెంటా కథనం. అన్యమతస్థుని మాట కనుక తూచి తీసుకోవాలనటం న్యాయమే. అయితే ఆ తూకం ఆస్థానకవి మాటకూ వర్తించాలి. గోపురంనుండి దూకినవారి వార్త మనకు చేరటానికి ఒక పరదేశి ఉత్తరం కావలసివచ్చినది. దానిని పాడటానికి ఇక్కడి కావ్యభాషలకు అవసరం కనిపించలేదు.

1649లో బిజాపురసేనలు చెంజిని పట్టుకొన్నవి. 1677లో శివాజీ దానిని వశపరచుకొని ప్రాకారాలను బలపరచినాడు. ఆ ముందుచూపు అతని కుమారునికి పనికివచ్చినది. రాయగడం మొగలుల పాలవుతున్న వేళ రాజారాముడు మారువేషంలో దక్షిణానికి తప్పించుకొని 1689లో చెంజి చేరినాడు. మహారాష్ట్ర రాజ్యానికి కొన్నేళ్ళపాటు రాజధాని తమిళదేశంలోని ఈ కొండయే. ఆ ప్రయాణాన్ని కేశవపండితుడు 'రాజారామచరితం' అనే సంస్కృతకావ్యంగా తంజావూరిలో వ్రాసినాడు. అటుపక్క ఔరంగజేబు సేనాని జుల్ఫికర్‌ఖాన్ 1690లో వచ్చి ముట్టడి వేసినాడు. అది 1698 ఆరంభందాకా సాగినది. పడగొట్టటం చేతకాకనా, ఇష్టంలేకనా అని నాటివారే అనుమానించినారు. ఆ శిబిరంలో ఉద్యోగిగా ఉన్న భీమసేనుడు పారసీకంలో వ్రాసుకొన్న స్మృతులు ఈ ముట్టడికి చక్కని ఆధారం. కోట చిక్కేనాటికి రాజారాముడు మళ్ళీ తప్పించుకొన్నాడు. ఒకే ముట్టడికి గోడ లోపలివారి కథ సంస్కృతంలో, వెలుపలివారి కథ పారసీకంలో దొరకటం చరిత్రకారుని అదృష్టం.

మొగలులు కోటను స్వరూప్‌సింగ్ అనే బుందేలా సర్దారుకు అప్పగించినారు. అతడు 1714లో మరణించగా కొడుకు తేజ్‌సింగ్ గద్దెనెక్కినాడు. తమిళుల నాలుకమీద తేజ్‌సింగ్ దేశింగు అయినాడు. తండ్రి చెల్లించవలసిన పేష్కషు బాకీలు కారణంగా చూపి ఆర్కాటు నవాబు సాదతుల్లాఖాన్ దండెత్తినాడు. ఇరవై రెండేళ్ళ యువకుడు, కొన్ని వందల రౌతులు. ఎదుట నవాబు మహాసైన్యం. 1714 అక్టోబరులో దేశింగు యుద్ధభూమిలో కూలినాడు. ఏలినది పది నెలలు. అతని చిన్నవయసు భార్య సహగమనం చేసినది. ఆమె పేరు నిలపటానికి నవాబు రాణిపేట కట్టించినాడంటారు. విజయానికి గురుతుగా రాజగిరి పాదాన అతడు 1717-18లో కట్టించిన మసీదు ఇప్పటికీ ఉన్నది.

రాజకీయచరిత్రలో ఇది అరపేజీ విషయం. బాకీ వసూలు తగాదా. కాని జానపదులు దీనిని తీసుకొని ఏమి చేసినారో చూడాలి. కథలో దేశింగు ఢిల్లీలో పాదుషా గుర్రాన్ని ఎవరూ లొంగదీయలేనప్పుడు లొంగదీస్తాడు. మహబత్‌ఖాన్ అనే తురక మిత్రుడు తన పెండ్లి పందిరిలోనుండి లేచివచ్చి అతనితోపాటు యుద్ధానికి నడుస్తాడు, అతనితోపాటే మరణిస్తాడు. సింగవరం కొండగుహలో శయనించిన రంగనాథుడు యుద్ధానికి సెలవు అడిగిన దేశింగుకు ముఖం తిప్పుకొంటాడు. స్వామి శిరస్సు ఒరిగివున్న తీరును ఊరివారు నేటికీ అందుకు సాక్ష్యంగా చూపిస్తారు. ఆ విగ్రహం ఎంత పాతదో, ఆ గుహ పల్లవులనాటిదో అన్న చర్చ వారికి అడ్డురాదు. దేవుడు వద్దన్నా మిత్రుడు వెంట వచ్చినాడన్నదే కథకు ప్రాణం. కథలో ఎవరు ఏ మతంవారో కథకుడు దాచడు, దానిమీద నిలిచిపోడు.

విచిత్రమేమంటే ఈ కథానాయకుడు హిందీ మాట్లాడే బుందేలుడు, పాడినవారు తమిళులు, ఆ పాట ఎల్లదాటి తెలుగు బుర్రకథలోకి వచ్చినది. నూరేళ్ళకు పైగా చెంజినేలిన తెలుగు నాయకులమీద తెలుగు పల్లెలో ఒక్క కథ వినరాదు. పది నెలలేలిన పరభాషీయునిమీద రాత్రంతా కథ నడుస్తుంది. జంగాలకు ఆశ్రయదాత అక్కరలేదు, శాసనం అక్కరలేదు. ఓడిపోయినవాడు కావాలి, వాని వెంట నిలిచినవాడు కావాలి. కృష్ణప్ప ఎవరి పక్షాన నిలిచినాడో తెలియటానికే పండితులు కావ్యాలు విప్పవలసి ఉన్నది.

1750లో బుస్సీ సేనలు ఒక్కరాత్రిలో చెంజిని పట్టుకొన్నవి. జుల్ఫికర్‌ఖాన్‌కు ఏళ్ళు పట్టిన పని! పుదుచ్చేరిలో అప్పుడు డూప్లే దుబాసి ఆనందరంగపిళ్ళ తమిళంలో దినచర్య వ్రాసుకొంటున్నాడు. కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందం' అంకితం పొందినది ఈ పిళ్ళయే. 1761లో కోట ఆంగ్లేయుల పరమైనది. 1780లో హైదరాలీ సేనలు పట్టుకొని కొన్నేళ్ళు ఉంచుకొన్నవి. ఆపైన చెంజికోసం ఎవరూ కొట్లాడలేదు. సి. ఎస్. శ్రీనివాసాచారి 1943లో వెలువరించిన చెంజి చరిత్ర లేకుంటే ఈ వరుస అంతా చెల్లాచెదరుగానే ఉండేది.

2025 జులైలో యునెస్కో 'భారతదేశపు మరాఠా సైనిక భూభాగాలు' అనే పేర పన్నెండు కోటలను ప్రపంచవారసత్వంలో చేర్చినది. పదకొండు మహారాష్ట్రలోవి, పన్నెండవది చెంజి. గౌరవం తగినదే. కాని ఆ శీర్షికకు అందేది 1677 నుండి 1698 వరకు, ఇరవై ఒక్క ఏళ్ళు. గొల్లలూ, నాయకులూ, బిజాపురంవారూ, బుందేలులూ ఆ పేరుకు వెలుపల ఉండిపోయినారు. ఫలకంమీద అందరి పేర్లూ పట్టవు. వచ్చినవారికి కోట చూపించేవారు మాత్రం వారినికూడా చెప్పవలసి ఉంటుంది.

కోటలో చక్రకుళం చెంత ఒక పెద్ద బండ ఉన్నది. దానిలో పైనుండి కిందిదాకా సహజమైన తొలి. పైన ఇటుకలతో గుండ్రంగా కట్టిన పిట్టగోడ. దానిని ఖైదీలబావి అంటారు. మరణశిక్ష పడినవారిని అందులోకి తోసి, ఆకలికి చచ్చేదాకా వదలేవారని చెప్తారు. ఏ రాజు కాలంలోనో, ఎవరినో, ఏ పాటలోనూ లేదు. అక్కడినుండి కొంతదూరంలో వేంకటరమణుని ఆలయం. దాని మండపాల స్తంభాలు కొన్ని ఫ్రెంచివారి కాలంలో పుదుచ్చేరి చేరినవి. ఆ ఊరి సముద్రతీరాన గాంధీ విగ్రహం చుట్టూ నిలిచిన నల్లరాతి స్తంభాలు చెంజివేనంటారు. సాయంకాలం పిల్లలు వాటి చుట్టూ ఆడుకొంటూ ఉంటారు.