దీవి మీద దొర ఎవరు? పిల్లలకు ‘లాస్ట్’ చూపించొచ్చా?

ఓడ మునిగో, విమానం కూలో, మనుషులు ఓ దీవిలో చిక్కుకుపోయే సిరీస్‌లు ఉంటాయి కదా. వాటిని ఇంట్లో పిల్లలకు చూపించొచ్చా? ఇవాళ్టి ప్రశ్న ఇదే. ఉదాహరణకు ‘లాస్ట్’ తీసుకుందాం. అమెరికాలో 2004 సెప్టెంబర్‌లో మొదలై, 2010 మే దాకా ఆరు సీజన్లు నడిచిన సిరీస్ ఇది.

మన హుజూర్‌నగర్‌కు సముద్రం లేదు. సాగర్ ఎడమ కాలువ ఉంది, మట్టపల్లి దగ్గర కృష్ణ ఉంది, అంతే. దీవి అనగానే "అడ్వెంచరే కదా, పిల్లల కథ" అనుకుని ఫోన్ చేతికిచ్చేస్తాం. కానీ ఈ కథ పిల్లల కోసం పుట్టలేదు.

1704లో అలెగ్జాండర్ సెల్కిర్క్ అనే స్కాట్లాండ్ నావికుడు చిలీకి దూరంగా ఉన్న ఓ దీవిలో ఒంటరిగా మిగిలాడు. నాలుగేళ్లకు పైగా గడిపి 1709లో బయటపడ్డాడు. పదేళ్లకు, 1719లో, డేనియల్ డిఫో ‘రాబిన్సన్ క్రూసో’ రాశాడు. అది పెద్దవాళ్ల పుస్తకం. 1762లో ఫ్రెంచ్ తత్వవేత్త రూసో, పిల్లవాడి చేతిలో మొదట పెట్టాల్సిన పుస్తకం ఇదేనన్నాడు. తర్వాత పిల్లల కోసం బోలెడు పొట్టి వెర్షన్లు వచ్చాయి.

ఆ పొట్టి వెర్షన్లలో తరచూ మాయమయ్యే సంగతి ఒకటి చెప్తా. క్రూసో ఓడ మునిగింది దేనికి పోతుంటే? ఆఫ్రికా నుంచి బానిసల్ని తేవడానికి. దీవిలో ఒక మనిషి ప్రాణం కాపాడాక అతని అసలు పేరు అడగడు, ‘ఫ్రైడే’ అని తనే పెడతాడు. తనను ‘మాస్టర్’ అని పిలవమని నేర్పిస్తాడు. అంతకుముందే ఆ మనిషి క్రూసో పాదం తీసి తన తల మీద పెట్టుకుంటాడు.

ఇది మనకు కొత్తనా? "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్న మాట వినని ఊరు నల్గొండ జిల్లాలో ఉందా? వెట్టి మీద, దొరతనం మీద 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం చేసిన నేల మనది. మన ఊరి పేరులో ఉన్న ‘హుజూర్’ కూడా ప్రభువుల్ని పిలిచే మాటే.

ఇప్పుడు ‘లాస్ట్’కు వద్దాం. అమెరికాలో దీని రేటింగ్ ఎక్కువగా టీవీ-14. కారణముంది. మొదటి సీజన్‌లోనే ఒకడికి హెరాయిన్ అలవాటు. ఇంకో సీన్‌లో మందు ఎక్కడ దాచాడో చెప్పించడానికి ఒక మనిషి గోళ్ల కింద వెదురు పుల్లలు గుచ్చుతారు. ఎనిమిదేళ్ల పిల్లవాడికి కనిపించేది ఆ పుల్లలే. కానీ ఆ హింస పెట్టిన సయీద్, చేసిన పనికి సిగ్గుపడి అందర్నీ వదిలి వెళ్లిపోతాడు. పద్నాలుగేళ్ల వాళ్లు ఆ సిగ్గును అర్థం చేసుకోగలరు. పైగా అక్కడ నీళ్లెవరు పంచాలి, ఎవరి మాట వినాలి అని మనుషులు కొట్లాడుకుంటారు. పుట్టుకతో దొర ఎవడూ లేడు.

కాబట్టి నా లెక్క ఇది. చిన్నపిల్లలకు ‘లాస్ట్’ వద్దు. పద్నాలుగు దాటితే పక్కన కూర్చుని చూపించండి. మన దేశంలో 2021 నిబంధనల ప్రకారం 13 ప్లస్, ఆపై రేటింగ్ ఉన్న ఓటీటీ కంటెంట్‌కు పేరెంటల్ లాక్ ఉండాలి. దాన్ని వాడండి. కానీ రేటింగ్ చూసేది రక్తం, బూతు, మత్తు. ఎవడు ఎవడికి దొర అయ్యాడో అది చెప్పదు. అందుకే రక్తం లేని క్రూసో కార్టూన్ అయినా సరే, "ఫ్రైడే అసలు పేరేంటి?" అని పిల్లల్ని ఒక్కసారి అడగండి.

చిన్నోళ్లకు దీవి కథే కావాలంటే నిజంగా జరిగింది చెప్పండి. 1965లో టోంగా దేశపు ఆరుగురు స్కూల్ పిల్లలు పడవలో కొట్టుకుపోయి, అటా అనే నిర్జన దీవికి చేరారు. పని ఇద్దరిద్దరుగా పంచుకున్నారు. ఒకడి కాలు విరిగితే మిగతావాళ్లే కట్టు కట్టారు. పదిహేను నెలల తర్వాత, 1966లో, ఒక ఆస్ట్రేలియా పడవ వాళ్లను చూసేసరికి ఆరుగురూ బతికే ఉన్నారు. అందులో మాస్టరూ లేడు, ఫ్రైడే కూడా లేడు.