బోర్డు హైస్కూలు ఎవరిది?

పాఠశాల చరిత్రను భవనంతో, దాతల పేర్లతో మొదలుపెట్టడం పరిపాటి. కోనసీమ బోర్డు హైస్కూళ్ల చరిత్రను మాత్రం పన్నుతో ప్రారంభించాలి.

1920 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం ప్రకారం జిల్లాబోర్డులకు భూమిపై సెస్సు వచ్చేది. రోడ్లకూ, ఆసుపత్రులకూ, హైస్కూళ్లకూ ఆ నిధులే ఆధారం. అమలాపురం, రాజోలు తాలూకాలలో ఆ సెస్సును పండించినవి 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీరు పారిన వరిచేలు. ఆ చేలలో నాట్లు వేసిందీ, కోతలు కోసిందీ కూలిజనం. హైస్కూలులో కూర్చున్నది ప్రధానంగా జీతం కట్టగలవారి బిడ్డలు.

స్థానిక నిధులతో నడిచే సంస్థలలో అంటరానితనం చెల్లదని 1938లో మద్రాసు శాసనసభ చట్టం చేసింది. చట్టం తలుపు తెరిచింది. జీతాల భారం, పుస్తకాల ఖర్చు, పొలంపని ఆ తలుపును తిరిగి మూశాయి.

1959లో పంచాయతీరాజ్ వచ్చి జిల్లాబోర్డులు పోయినవి. బోర్డు హైస్కూళ్లు జిల్లా పరిషత్తు హైస్కూళ్లయినవి. పేరు మారింది, ప్రశ్న మిగిలింది.

2022 మే నెలలో జిల్లాకు అంబేద్కరు పేరు పెట్టరాదని అమలాపురంలో ఇళ్లు తగులబెట్టారు. ఆ యేడే ఆ పేరు ఖాయమయింది. సతారా బడిలో గోనెపట్టా మీద విడిగా కూర్చున్న బాలుడి పేరది. సెస్సు పండించిన చేతుల బిడ్డలకు బడిలో దొరికిన చోటెంత? చరిత్రకారుడు ముందుగా కొలవవలసింది యిదే.