పాప్‌ 3 లేక ఐమ్యాప్‌: ఆఫీసు మెయిల్‌కు ఏది మేలు?

రాయ్‌పూర్‌ శివార్లలోని ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడల్లో స్పాంజ్‌ ఐరన్‌ కర్మాగారాలు, రోలింగ్‌ మిల్లులు ఎక్కువ. వీటికి విశాఖ ఓడరేవుతో పని పడుతూనే ఉంటుంది. అక్కడి ఓ చిన్న సంస్థ యజమాని రాత్రి రైలెక్కి విశాఖ వచ్చారనుకుందాం. సరుకు పత్రాల మెయిల్‌ కోసం పొద్దున్నే ఫోన్‌ తెరిస్తే ఇన్‌బాక్స్‌ ఖాళీ. ఆఫీసులో గుమస్తా కంప్యూటర్‌ ఆన్‌ చేయగానే ఆ మెయిల్‌ అందులోకి దిగిపోయింది, సర్వర్‌లో చెరిగిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. పాప్‌ పనితీరే అది.

పాప్‌ 1984లో పుట్టింది. ఇప్పుడు వాడుకలో ఉన్న పాప్‌ 3 ప్రమాణం 1996 నాటిది. డయలప్‌ కాలంలో నెట్‌ నిమిషాల లెక్కన డబ్బులు తినేది, సర్వర్‌లో చోటూ తక్కువే. అందుకే గబగబా ఉత్తరాలు దించుకొని ఫోన్‌ పెట్టేయడమే దాని ఆలోచన. ఇంటికో కంప్యూటరే గగనమైన రోజుల్లో అది సబబే. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్‌ క్రిస్పిన్‌ రూపొందించిన ఐమ్యాప్‌ దారి వేరు. ఇందులో అసలు ప్రతి సర్వర్‌లోనే ఉంటుంది. ఫోన్‌లో చదివితే కంప్యూటర్‌లోనూ చదివినట్టే కనిపిస్తుంది. ఫోల్డర్లు, పంపిన మెయిల్స్‌ కూడా అంతే.

పాప్‌లో ‘కాపీని సర్వర్‌లో ఉంచు’ అనే ఐచ్ఛికం ఉంది కదా అనొచ్చు. అది సగం మందే. వచ్చిన మెయిల్‌ రెండుచోట్లా కనిపిస్తుంది గానీ, యజమాని ఫోన్‌ నుంచి ఇచ్చిన జవాబు గుమస్తాకు కనిపించదు. ఒకే విచారణకు ఇద్దరూ రెండు రేట్లు రాసి పంపే ప్రమాదం ఇక్కడే ఉంది.

అలాగని ఐమ్యాప్‌ను బ్యాకప్‌ అనుకోకూడదు. ఫోన్‌లో పొరపాటున తొలగిస్తే అన్నిచోట్లా పోతుంది. కోటా నిండితే కొత్త మెయిల్‌ రావడమే ఆగిపోతుంది. జీమెయిల్‌ ఉచితంగా ఇచ్చే 15 జీబీని ఫొటోలు, డ్రైవ్‌ కూడా పంచుకుంటాయి. ఒకే కంప్యూటర్‌ వాడుతూ, సర్వర్‌లో చోటు కొంచెమే ఉన్నవారికి, లేదా పాత మెయిల్‌ను తమ డిస్కులోనే దాచుకోవాలనుకునేవారికి పాప్‌ ఇప్పటికీ పనికొస్తుంది. అయితే ఆ డిస్కు పాడైతే అంతా పోయినట్టే. రెండు పరికరాలు ఉన్నవారు మాత్రం మరో ఆలోచన లేకుండా ఐమ్యాప్‌ పెట్టుకోవాలి.

భద్రమైన ఐమ్యాప్‌కు పోర్టు 993, పాప్‌కు 995. పాత 143, 110 పోర్టుల్లో ఎన్‌క్రిప్షన్‌ ఆన్‌లో లేకపోతే పాస్‌వర్డ్‌ బయటపడే వీలుంది. మెయిల్‌ పంపే పని ఈ రెండింటిదీ కాదు, ఎస్‌ఎంటీపీది.

పాప్‌ నుంచి మారేటప్పుడు పాత ఖాతాను ముందే తీసేయడం పెద్ద పొరపాటు. ఔట్‌లుక్‌లోనైతే ముందు పీఎస్‌టీ ఫైలును వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. అదే చిరునామాను ఐమ్యాప్‌గా చేర్చి, పాత మెయిల్స్‌ను కొద్దికొద్దిగా సర్వర్‌ ఫోల్డర్లలోకి లాగాలి. ఫోన్‌లో అవన్నీ కనిపించాకే పాప్‌ ఖాతాను తొలగించాలి.