బందరు పేటల పేరులు: ఫరాసుపేట

నాగాయలంక మొదలుగాగల దివిసీమ గ్రామముల పేరులు నీటిని, నేలను దెలుపును. లంక యనగా నదీప్రవాహము నడుమ నేర్పడిన భూమి. ఆ సీమను దాటి మచిలీపట్టణము ప్రవేశించినంతనే పేరుల స్వభావము మారును. అచ్చట ఇంగ్లీషుపాలెము, వలందపాలెము, ఫరాసుపేట యను వాడలు గలవు.

గోలకొండ రాజ్యమునకు బందరు ప్రధానమైన రేవు. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను, ఫ్రెంచివారు 1669లోను ఇచ్చటికి వర్తకమునకై వచ్చిరి. వారిని రప్పించినది నూలుబట్టయు, దానిపై నద్దిన రంగులును. ఎఱ్ఱరంగు నిచ్చు చిరివేరు కృష్ణాముఖమునందలి ఇసుకనేలలలో లభించెడిది. కంపెనీల లెక్కలలో బట్టల రకములు, ధరలు విరివిగా గనబడును. నేసిన సాలెవాని పేరు, అద్దకపువాని పేరు గనబడుట మిక్కిలి యరుదు.

ఈ పేరులు పరదేశీయులవి గావున మార్చవలెనని వాదించువారు గలరు. ఈ వాదము నాకు సమ్మతము కాదు. 'వలంద' యనునది డచ్చివారి మాట కాదు. బుడతకీచులు హాలెండును 'ఒలాంద' యందురు. హకారము వారి నోట పలుకదు. ఆ రూపమే తెలుగువాని నోట 'వలంద' యైనది. 'ఫరాసు' తురకల ద్వారా వచ్చినది. సామాన్యజనులు దానిని 'పరాసు'గా మృదువు చేసిరి. తమ జాతి కా పేరుగలదని ఏ ఫ్రెంచివాడును ఎఱుగడు. ఇవి మన పూర్వులు చెవితో విని నాలుకతో దిద్దుకొన్న తెలుగుమాటలు.

మూడింటిలో ఫరాసుపేట కథ విచిత్రమైనది. 1750లో పట్టణమంతయు ఫ్రెంచివారి వశమయ్యెను. 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు రాత్రివేళ కోటపై బడి దానిని గైకొనెను. అంతటితో వారి ప్రభుత్వము ముగిసినదే గాని, 1763 నాటి పారిస్ సంధివలన వర్తకస్థానములు తిరిగి లభించుటచే, చుట్టును ఆంగ్లేయపాలన నడచుచుండగా ఈ చిన్న తావుపై ఫ్రెంచివారి హక్కు మాత్రము నిలిచెను. డచ్చివారు 1824 సంధితో భారతదేశమునందలి తమ స్థావరములను వదలుకొనిరి. ఫ్రెంచివారు వదలలేదు. 1947 ఆగస్టు 15న దేశమంతట పతాకము మారినను, ఫరాసుపేటయందలి యా హక్కు భారతదేశమునకు సంక్రమించుటకు అక్టోబరు వఱకు వేచియుండవలసి వచ్చెను. యానాము 1954లో గాని విముక్తము కాలేదు. ఒక వీధినుండి మఱొక వీధికి నడచిన బందరువాడు శాస్త్రరీత్యా రాజ్యాంతరమునకు బోయినవా డగుచుండెను! అతని కది తోచియుండునా యనునది వేఱు మాట.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొనెను. రేవుపట్టణముగా బందరు పిమ్మట కోలుకొనలేదు. 1977 నవంబరు 19న దివిసీమ నుప్పెన ముంచిన కథను మాతరమువారు పెద్దల నోట వినిరి. 1864ను గూర్చి చెప్పగల నోరు లేదు. కోట శిథిలమైనది, వలందుల సమాధుల రాలపై చెక్కిన యక్షరములు మిగిలినవి. ఆ పేటలలో నద్దకము చేసినవారికి రాతిపలకలు లేవు. పాత యిండ్ల దస్తావేజులలో సరిహద్దులు చెప్పుచోట ఇరుగుపొరుగువారి పేరులు, వృత్తులు వ్రాయు నాచారము గలదు. వాడచరిత్ర వ్రాయబూనిన పరిశోధకవిద్యార్థి కంపెనీ లేఖలకంటె ముందుగా ఆ కాగితములను విప్పిచూడవలెను.